ఆస్కార్ పాట, మా నాటు

తిడితే తిట్టుండ్రి గని ఒక మాట చెప్త. 2023 మార్చిల 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చిన పొద్దు, కొండగట్టు కింద మా మోటరు కాడ కూసొని 'ఆర్‌ఆర్‌ఆర్' పాటలన్నీ విన్న. కీరవాణి బాణీకి కాలు ఆగదు. 'కొమురం భీముడో' కాడ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అయినా మనసు నిండలె.

రాసిన చంద్రబోస్ చల్లగరిగ బిడ్డ. నాటు అంటె నాకు వరినాటు. మా అమ్మోళ్లు వంగి నాటేస్తుంటె, ఒకరు పాట అందుకుంటె పదిమంది ఎత్తుకునేది. అదే వినబడ్తదనుకున్న. ఆ పాటల నాటంటె ఊరిమోటు. తప్పు నా ఆశదే.

మొన్న వానకాలం మా పొలంల నాటేసింది బిహార్ కూలోళ్లు. గెట్టు మీద భోజ్‌పురి పాట మోగింది. "నువ్వొకటి పాడవే అమ్మా" అన్న. రెండు మాటలకే ఆగింది. "యాదికొస్తలేదు బిడ్డా" అన్నది.

ఇగ ఆల్బమ్ మీద అలిగేం లాభం? మీ ఇంట్ల నాటుపాట వచ్చినోళ్లుంటె ఇయ్యాలనే రికార్డు చేసుకోండ్రి.