కోషింగు వీథిలోని మూలికల అంగళ్లు

హాంకాంగు ద్వీపమున ట్రాముబండి నెక్కి పడమటిదిక్కుగా పోవువారికి ష్యుంగ్‌వాన్ పేట సమీపించుట కన్నులకంటె ముందుగా నాసికకు తెలియును. పెద్దవీథిలో ఎండుచేపల గంధము. అచ్చటినుండి కోషింగు వీథిలోనికి మరలగనే అతిమధురము, దాల్చినచెక్క, మనమెరుగని వేళ్ల వాసన. ఈ సన్నని వీథి చైనా మూలికల టోకువర్తకమునకు ప్రసిద్ధి. గోతములు కాలిబాటమీదికి వచ్చి యుండుటచే మేము చీరచెరగులు పట్టుకొని ఒకరివెనుక నొకరము నడచితిమి.

ఒక అంగడిలో గోడనిండ చిన్నసొరుగుల బీరువా కలదు. వర్తకుడు పేరైన చూడక సొరుగు లాగి, గుప్పెడు మూలిక తీసి, ఒంటితట్ట గల చేతిత్రాసుతో తూచుచుండెను. అచ్చటి తూనిక తాయెలు. అది సుమారు 37.8 గ్రాములు. చైనా ప్రధానభూమిలో అదే యక్షరముతో వ్రాయు తూనిక 50 గ్రాములు. కావున ఒకచోటి చీటిని మరియొకచోట గుడ్డిగా వాడరాదు.

మేము వెదకినది హోసౌవు అను దుంప. అది తల నెరపును పోగొట్టి వార్ధక్యమును దూరము చేయునని ఎవరో చెప్పగా విని, మా అత్తగారు తెమ్మని మరిమరి చెప్పి యుండిరి. పేరున కర్థమే 'హోగారి నల్లని తల'. ముదిమిలో అతని జుట్టు నల్లబడెనని అచ్చటి కథ. ఉడికింపని దుంప విరేచనకారి. నల్లసోయాగింజల రసముతో ఉడికించి నల్లబరచిన దానినే బలమునకు వాడుదురు. మన వైద్యులు నాభిని శుద్ధిచేయక వాడరు గదా, ఇదియు నట్టిదే యని తోచును. కాని శుద్ధిచేసినదానిని వాడినవారిలోను కాలేయము చెడినవారు కలరు. 2006లో బ్రిటనుదేశపు ఔషధాధికారులు ఈ దుంపనుగూర్చి ప్రజలను హెచ్చరించిరి.

హాంకాంగులో 1999 నాటి చట్టము 31 విషమూలికలను వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని కట్టడి చేసినది. హోసౌవు ఆ పట్టికలో లేదు. అడిగినవారికి తూచి యీయవచ్చును. ఇంతకు అంగడివాని వివేకమే కావలి.

ఆ అంగడిలోని వృద్ధవైద్యుడు, ఇంగ్లీషు తెలిసిన కుర్రవాని ద్వారా, మందెవరికని యడిగెను. ఆమె వయస్సెంత? కామెర్లు వచ్చియుండెనా? వేరే మందులేమైన పుచ్చుకొనుచున్నదా? రక్తపుపోటునకును కొలెస్టరాలునకును నిత్యము మాత్రలు వేసికొందురని చెప్పితిమి. ఆయన సొరుగు మూసివేసి, "ఆమె నాడి చూడక నేనీయను, ఆ మాత్రలిచ్చు వైద్యుని ముందడుగుడు" అనెను. దూరమునుండి వచ్చినవారమని బ్రతిమాలినను వినలేదు. లాభము చేతికందుచుండగా కాదన్న ఆ వర్తకునియందు మాకు గౌరవము కలిగినది.

ఇదివరకే ఇంట నీ దుంపయో, దాని మాత్రలో వాడుచున్నవారికి కన్నులు పచ్చబడినను, మూత్రము ముదురురంగు తిరిగినను, ఆకలి చచ్చి ఒడలు దురదపెట్టినను వెంటనే మానిపించి, మందుపొట్లముతో సహా వైద్యునివద్దకు తీసికొనిపోవలెను. పెద్దలు "మూలికయే గదా" యని ఆ సంగతి వైద్యునికి చెప్పరు; అడిగి చెప్పించుట ఇంటి స్త్రీల పని. మన అతిమధురమైనను రక్తపుపోటు గలవారు దినదినము త్రాగదగినది కాదు.

అత్తగారికి జరిగినదంతయు ఆ రాత్రియే జాబు వ్రాసితిమి.