ఓర్లాండోలో చీనీ తోటలు

ఓర్లాండోలో కాపురమున్న తెలుగువాళ్ళ ఇంటికి చుట్టాలు వస్తే ఎందుకొచ్చారని అడగనక్కర్లేదు. పిల్లలకు డిస్నీ వరల్డ్ చూపించాలి. అది 1971 అక్టోబరు 1న తెరిచారు. నేను చదువుకోవడానికి ఆ ఊరు చేరేసరికి డిస్నీ వాళ్ళ ఎప్‌కాట్ పార్కు కొత్తగా వచ్చింది, దేశదేశాల జనం దిగుతున్నారు. అయినా ఆ రోజుల్లో ఊరికి ఇంకా తనదంటూ ఒక బతుకు ఉండేది. అదంతా తోటల బతుకు. ఇప్పుడు వెళ్ళేవాళ్ళకు అది కనిపించదు కాబట్టి, చూసినవాడిగా చెప్పాలనిపిస్తోంది.

మార్చి నెలలో కారు అద్దాలు దించుకుని 50వ నంబరు రోడ్డు మీద పడమటికి పోతే వింటర్ గార్డెన్ దాటకముందే పూల వాసన కమ్ముకునేది. క్లెర్మాంట్ దాకా మట్టిదిబ్బలు ఎక్కుతూ దిగుతూ రోడ్డుకు రెండు పక్కలా ఆరెంజి చెట్లే. సాయంత్రం గాలి తిరిగితే ఊళ్ళో, మా గదుల్లోకి కూడా ఆ వాసన వచ్చేది. రోడ్ల పక్కన చిన్న దుకాణాల్లో వల సంచుల్లో పండ్లు, ఆరెంజి పూల తేనె అమ్మేవాళ్ళు. రసం ఫ్యాక్టరీల దగ్గరికి వెళ్తే పశువుల దాణా కోసం ఎండబెట్టే తొక్కల వాసన, కాస్త మాడినట్టు, తియ్యగా ఉండేది.

1983 వసంతంలో మా నాయన వచ్చాడు. అనంతపురం జిల్లాలో మాకు బావి కింద చీనీ (బత్తాయి) తోట ఉండేది. నాయన డిస్నీ చూశాడు, శుభ్రంగా ఉందన్నాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. క్లెర్మాంట్‌లో సిట్రస్ టవర్ అని ఒకటుంది. 1956లో కట్టారు, 226 అడుగుల ఎత్తు. లిఫ్టులో పైకెళ్ళి చూస్తే నాలుగు దిక్కులా చెరువులు, వాటి మధ్య గీత గీసినట్టు చెట్ల వరసలు, కనుచూపు మేర అవే. నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్ని చెట్లకు నీళ్ళు యాడనుంచి తెస్తార్రా?" అన్నాడు. వానలు పడతాయని, నేల కింద సున్నపురాయిలో నీళ్ళున్నాయని చెప్పాను. అనంతపురం రైతుకు ఆ మాట ఎంత ఆశ్చర్యమో ఆయన ముఖం చూస్తే తెలిసింది.

కిందికి దిగి, ఒక తోట యజమానిని అడిగి లోపలికి వెళ్ళాం. నాయన వంగి పిడికెడు మట్టి తీసి వేళ్ళ సందున జారవిడిచాడు. "ఇది ఉత్త ఇసుక గదరా. దీంట్లో చెట్టు ఎట్ల నిలబడింది?" అన్నాడు. చెట్టు మొదలు తడిమి అంటు కట్టిన చోటు వేలితో చూపించాడు. కింద వేరుచెట్టు జంబీరి అని యజమాని చెప్పాడు. మా తోటలోనూ చీనీకి జంబీరే మొదలు. అక్కడి వాళ్ళ ఆరెంజి, మా సాత్‌గుడి చీనీ ఒకే జాతి. వలెన్సియా రకం చెట్ల మీద పోయిన ఏటి పండు కోతకు సిద్ధంగా ఉండగానే కొత్త పూత విచ్చుకుని ఉంది. పండూ పూతా ఒక్క కొమ్మ మీద చూసి నాయన చిన్నపిల్లవాడిలా నవ్వాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఆ రైతుకు తెలుగు రాదు. నేను మధ్యలో ఉన్నానే గానీ సగం మాటలు నా అవసరం లేకుండానే సాగాయి.

ఆ డిసెంబరులోనే, క్రిస్మస్‌కు గడ్డకట్టే చలి వచ్చింది. అలాంటి రాత్రుల్లో రైతులు పూర్వం తోటల్లో నూనె కుంపట్లు పెట్టేవాళ్ళు, పాత టైర్లు కాల్చేవాళ్ళు. తర్వాత నీళ్ళు చిమ్మడం వచ్చింది. నీరు గడ్డకట్టేటప్పుడు వేడి విడుస్తుంది. నీళ్ళు ఆగకుండా పడుతున్నంతసేపూ ఆ మంచు తొడుగు లోపల మాను సున్నా డిగ్రీల దగ్గరే ఉండి బతుకుతుంది, నీళ్ళు ఆగాయా పోతుంది. అంత చేసినా ఆ చలికి చాలా తోటలు ఆగలేదు. తెల్లారాక ఆకులు ఉడికినట్టు వాలిపోయాయి. పండ్లు లోపలే గడ్డకట్టి, కరిగి, రాలి, కుళ్ళాయి. మాను బెరడు నిలువునా చీలింది. మిగిలినవాటిని 1985 జనవరి చలి కొట్టింది. ధైర్యం చేసి మళ్ళీ నాటినవాళ్ళ మొక్కలను 1989 క్రిస్మస్ చలి తీసుకుపోయింది.

నేను నాయనకు ఇదంతా ఉత్తరం రాశాను. ఆయన జవాబులో ఒకటే అడిగాడు: "వేర్లు బతికినాయా? జంబీరి చిగురిస్తే మళ్ళీ అంటు కట్టుకోవచ్చు గదా." కొన్నిచోట్ల వేర్లు బతికాయి. అప్పటికి నేల బేరానికి వెళ్ళిపోయింది. డిస్నీకి దగ్గర, చెరువు గట్టున, ఎత్తు నేల అంటే ఇళ్ళు కట్టేవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి? ఎండిన చెట్లను కుప్పలు పోసి కాల్చారు. ఆ పొగ రోజుల తరబడి ఆకాశంలో ఉండేది. సిట్రస్ టవర్ ఇప్పటికీ ఉంది. పైనుంచి చూస్తే ఇళ్ళ కప్పులు కనిపిస్తాయి. రాష్ట్రంలో ఇంకా దక్షిణానికి తరలిన తోటల మీద 2005లో గ్రీనింగ్ తెగులు పడింది. చిన్న పురుగు మోసుకొచ్చే ఈ తెగులు చెట్టులో ఆహారం నడిచే దారులు మూసేస్తుంది. 1997-98లో ఫ్లోరిడా రాష్ట్రం 24.4 కోట్ల పెట్టెల ఆరెంజి పండించింది. 2024-25లో దాదాపు 1.2 కోట్లు.

తోటలతోపాటు పోయినవి మరికొన్ని ఉన్నాయి. వింటర్ హెవెన్‌లో డిక్ పోప్, జూలీ పోప్ దంపతులు 1936లో సైప్రస్ గార్డెన్స్ తెరిచారు. డిస్నీకి 35 ఏళ్ళ ముందే ఫ్లోరిడాకు జనాన్ని రప్పించింది అలాంటి తోటలే. ఒక చలికాలం ముఖద్వారం దగ్గర తీగలు మాడిపోతే, అవి కనబడకుండా జూలీ పాతకాలపు పొడవాటి గౌన్లు తొడిగిన అమ్మాయిలను అడ్డంగా నిలబెట్టిందని చెబుతారు. తర్వాత ఆ గౌన్లే ఆ తోటకు గుర్తయ్యాయి. 2009లో అది మూతపడింది, 2011లో అక్కడే లెగోలాండ్ వచ్చింది. పాత తోటలో కొంత భాగాన్ని, 1939లో నాటిన మర్రిచెట్టును మాత్రం ఉంచారు. 1983లో ఊడలు దిగిన ఆ మర్రి కింద మా నాయన తలపాగా తీసి కూర్చున్నాడు. అక్కడ ఆయనకు పరాయి దేశంలో ఉన్నట్టు లేదు.

లాంగ్‌వుడ్‌లో ‘ద సెనెటర్’ అనే సైప్రస్ చెట్టు ఉండేది. వయసు సుమారు 3,500 ఏళ్ళు. ఒక తుఫానుకు తల విరిగినా 118 అడుగులు మిగిలింది. టికెట్ లేదు, వరసలో నిలబడే పని లేదు. మొదలు దగ్గర నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి పుట్టేది. 2012 జనవరి 16న, దాని తొర్రలో ఎవరో వెలిగించిన నిప్పుకు కాలి కూలిపోయింది. ఆ వార్త విని నేను నిజంగా ఏడ్చాను. అయితే ఏళ్ళ కిందట గాలికి విరిగిపడ్డ కొమ్మలు తెచ్చి ఒకాయన అంటు కట్టించి ఉన్నాడు. ఆ మొక్కల్లో ఒకటి పెరిగి పెద్దదైతే తెచ్చి ఆ చెట్టు ఉన్న పార్కులోనే నాటారు. నాయన ఉత్తరంలో అడిగిన పని ఇక్కడ ఒకరు చేసి చూపించారు.

ఆ ప్రాంతంలో మిగిలినవన్నీ అట్లా ఒకరు పట్టుబట్టి మిగిల్చినవే. గాజు కళాకారుడు లూయీ కంఫర్ట్ టిఫనీ 1893 షికాగో ప్రదర్శన కోసం చేసిన ప్రార్థనాలయం ఆయన లాంగ్ ఐలాండ్ ఎస్టేటులో ఉండేది. 1957లో అక్కడి భవనం కాలిపోతే హ్యూ, జెనెట్ మెక్‌కీన్ దంపతులు మిగిలిన గాజులు, స్తంభాలు కొని వింటర్ పార్క్‌కు తెచ్చారు. 1999 నుంచి ఆ ప్రార్థనాలయాన్ని అక్కడి మోర్స్ మ్యూజియంలో చూడొచ్చు. దగ్గరలోనే ఈటన్‌విల్ ఉంది. నల్లజాతివాళ్ళు 1887లో తమ పాలన తామే చేసుకుంటూ నిలబెట్టుకున్న ఊరు. రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ పెరిగింది అక్కడే. 1980లలో ఆ ఊరి నడిబొడ్డున అయిదు వరసల రోడ్డు వేయబోతే ఊరివాళ్ళు ఎదురు నిలిచి ఆపారు. 1990 నుంచి జోరా పేరున ఏటా ఉత్సవం జరుపుతున్నారు. లేక్ వేల్స్ దగ్గర కొండ మీద 1929లో అంకితం చేసిన బోక్ టవర్ ఉంది, గంటల సంగీతం వినిపిస్తుంది. కట్టించిన ఎడ్వర్డ్ బోక్ చిన్నప్పుడు నెదర్లాండ్స్ నుంచి వలస వచ్చినవాడు. బతకడానికి వచ్చిన చోటుకు ఇలా ఏదైనా ఇవ్వడం మనకూ చేతనైన పనే అని నాకు చెప్పింది ఆ గోపురం.

మా ఊళ్ళో బావి ఎండింది, తర్వాత వేసిన బోర్లూ ఎండాయి, చీనీ చెట్లు కొట్టేశాం. నాయన పోయాడు. అంటు కట్టడానికి కొమ్మ ఎట్లా ఎంచుకోవాలో, ఏ పదునులో కోయాలో ఆయనను అడిగి రాసిపెట్టుకోలేదు. ఇప్పుడు చెప్పేవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఓర్లాండో వెళ్ళేవాళ్ళకు ఒక మాట. పిల్లలకు డిస్నీ చూపించండి, తప్పులేదు. ఒక్క రోజు మాత్రం ఊరికి ఇవ్వండి. లాంగ్‌వుడ్‌లో అంటు కట్టిన సెనెటర్‌ను, దాని పక్కన ఇంకా నిలబడి ఉన్న ‘లేడీ లిబర్టీ’ సైప్రస్‌ను చూడండి. ఈటన్‌విల్ వీధుల్లో నడవండి. ఇంకా బతికున్న ఆరెంజి తోట కనిపిస్తే ఆగి, రైతు దగ్గరే పండ్లు కొనండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ముందుగా వాళ్ళను అక్కడికి తీసుకెళ్ళండి. వాళ్ళు చెట్టును తడిమి ఏం చెబుతారో విని, ఆ రాత్రే రాసిపెట్టుకోండి.