ముందు మీ నెలలు లెక్కపెట్టుకోండి

పీఎంపీ పరీక్షకు ఎలా చదివారు, ఎన్నాళ్లు పట్టింది అని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాం. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మేం ఐదుగురం, అందరం షోళింగనల్లూరులోనే ఉంటాం. నలుగురం ఎల్కాట్ సెజ్ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఐదో ఆవిడ పాప పుట్టాక ఉద్యోగం మానేశారు. పాప స్కూలుకు వెళ్లే వయసొచ్చాక మళ్లీ ప్రయత్నిస్తే, ప్రతి ఇంటర్వ్యూలోనూ ఒకటే ప్రశ్న: ఇన్నేళ్లు ఏం చేశారు? నిజం చెప్పాలంటే ఆవిడ కోసమే మేం జట్టు కట్టాం.

పీఎంపీని అమెరికాలోని పీఎంఐ సంస్థ 1984 నుంచి ఇస్తోంది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ ఉండాలి. ఇక్కడే చాలామంది గమనించని మెలిక ఒకటుండేది. 2024లో మేం దరఖాస్తు పెట్టినప్పటి నిబంధన ప్రకారం ఆ 36 నెలలూ దరఖాస్తుకు ముందు ఎనిమిదేళ్లలోపువే అయివుండాలి. 2024 జనవరిలో ఆవిడ లెక్క వేసుకుంటే 38 నెలలు తేలాయి. నెల గడిచినకొద్దీ వెనక నుంచి ఒక నెల జారిపోతుంది. అంటే చేతిలో ఉన్నది రెండు నెలలే. అది దాటితే ఆవిడ ఎంత చదివినా దరఖాస్తుకే అర్హత ఉండదు.

అందుకని చదువు పక్కనపెట్టి ముందు శిక్షణ గంటలు పూర్తిచేయించి, ఫిబ్రవరిలో దరఖాస్తు పెట్టించాం. అది ఆడిట్‌కు ఎంపికైంది. పాత మేనేజర్ల చేత అనుభవం నిజమేనని రాయించి 90 రోజుల్లో పంపాలి. ఒకాయన హైదరాబాద్‌కు మారిపోయారు. తెలిసినవాళ్లందరినీ అడిగి ఆయన నంబరు పట్టుకున్నాం. ఒక్క మాట అడగకుండా సంతకం పెట్టి పంపారు.

దరఖాస్తు ఆమోదం పొందితే పరీక్షకు ఏడాది గడువు, మూడుసార్లు రాసే అవకాశం ఉంటాయి. అప్పుడు ఊపిరి పీల్చుకుని పుస్తకాలు తెరిచాం. మెట్రో పనులతో ఓఎంఆర్ మీద సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అందుకే ఆదివారం పొద్దున ఆరింటికి కూర్చునేవాళ్లం.

పరీక్ష ఇంగ్లిష్‌లోనే రాశాం గానీ, చర్చంతా తెలుగులోనే. రిస్క్‌కూ ఇష్యూకూ తేడా పుస్తకంలో చదివితే ఎక్కలేదు. 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను తలుచుకుంటే ఒక్క క్షణంలో ఎక్కింది. తుపాను వస్తుందేమో అన్నంతవరకు అది రిస్క్. పార్కింగులోకి నీళ్లొచ్చాక ఇష్యూ. ఇక్కడ మనల్ని ముంచిన ఆ తుపానే డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఊళ్లోవాళ్లు మనకూ, మనం ఊళ్లోవాళ్లకూ ఫోన్లు చేసుకున్న రోజులు గుర్తున్నాయి కదా! ఇక స్టేక్‌హోల్డర్లంటే ఎవరో మన ఉగాది సభ నేర్పింది. ముందు వరుసలో ఎవరు కూర్చోవాలన్న దగ్గర మొదలైంది ఆ పాఠం. పెద్దలు నవ్వుకుంటారనే రాస్తున్నాం.

మేం రాసిన పరీక్షలో 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, మధ్యలో పదేసి నిమిషాల విరామాలు రెండు. విరామం తీసుకున్నాక వెనకటి ప్రశ్నలకు తిరిగి వెళ్లలేం. అప్పట్లో మార్కుల్లో 42 శాతం మనుషులతో వ్యవహారానికే ఉండేవి. బట్టీ పడితే పనికిరాదు. జట్టులో ఒకరు రెండుసార్లు గడువు తప్పితే మేనేజరు మొదట ఏం చేయాలి? ఇలా ఉంటాయి ప్రశ్నలు. ఆఫీసు అలవాటు ప్రకారమైతే పైవాళ్లందరినీ సీసీలో పెట్టి మెయిల్ కొడతాం. సరైన జవాబు, ముందు అతని పక్కన కూర్చుని ఏమైందో అడగడం. ఇలాంటి ప్రశ్నల్లో ఆవిడే మాకంటే ముందుండేవారు. పేచీ పెట్టే పిల్లనూ, పెద్దవాళ్ల మందులనూ, చెప్పకుండా మానేసే పనిమనిషినీ ఐదేళ్లపాటు సంభాళించిన మనిషికి ఎవరి మాట ముందు వినాలో ఒకరు నేర్పాలా!

ఆగస్టులోగా ఐదుగురం పాసయ్యాం. ఆవిడకు మూడు విభాగాల్లోనూ పైస్థాయి ఫలితమే వచ్చింది. సర్టిఫికెట్ రాగానే ఉద్యోగం వచ్చి ఒళ్లో పడదు. ఆవిడ ఇంకా ఇంటర్వ్యూలకు వెళ్తున్నారు. కాకపోతే ఆ పాత ప్రశ్నకు ఇప్పుడు తలెత్తి జవాబు చెబుతున్నారు.

సర్టిఫికెట్ నిలబడాలంటే మూడేళ్లకు 60 పీడీయూలు సంపాదించాలి. ఇతరులకు నేర్పినా అందులో కొన్ని వస్తాయి. కాబట్టి మొహమాటపడకండి, నేర్పడంలో మా స్వార్థం కూడా ఉంది. వచ్చే ఆదివారం నుంచి కొత్త జట్టుతో కూర్చుంటున్నాం. ముఖ్యంగా ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న అక్కచెల్లెళ్లకు ఒక మాట. పుస్తకాలు తర్వాత కొనొచ్చు. ఈ రాత్రికే కాగితం తీసుకుని మీ నెలలు లెక్కపెట్టుకోండి. 40కి దగ్గరగా ఉంటే ఆదివారం దాకా ఆగొద్దు, రేపే ఫోన్ చేయండి.