కవలల ఊళ్లో పరిశోధకుల టెంట్లు

ఒహాయో రాష్ట్రంలో క్లీవ్‌లాండ్‌కూ యాక్రన్‌కూ నడుమ ట్విన్స్‌బర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. ఆ పేరు పెట్టించింది మోజెస్, ఆరన్ విల్‌కాక్స్ అనే కవల సోదరులు. 1819 ప్రాంతంలో కనెక్టికట్ నుంచి వచ్చి ఇక్కడ 4,000 ఎకరాలు కొన్నారు. మిల్స్‌విల్ అనే పాత పేరు మారిస్తే ఊరి నడిబొడ్డున 6 ఎకరాలు, బడికి 20 డాలర్లు ఇస్తామన్నారు. ఊరు ఒప్పుకుంది. ఇద్దరూ అక్కచెల్లెళ్లను పెళ్లాడారు, ఆస్తి పంచుకోకుండా బతికారు, 1827లో గంటల తేడాతో కన్నుమూశారు. సమాధి కూడా ఒక్కటే. 'రాముడు భీముడు' చూసి పెరిగినవాళ్లకు కూడా ఇది కాస్త ఎక్కువే అనిపిస్తుంది.

1976 నుంచి ఏటా ఆగస్టు మొదటి వారాంతంలో ఇక్కడ కవలల పండుగ జరుగుతోంది. మొదటి ఏడు వచ్చింది 37 జంటలు. ఇప్పుడు వచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. మా చెల్లెలు క్లీవ్‌లాండ్ దగ్గర్లోనే ఉంటుంది. దానికి పన్నెండేళ్ల కవల ఆడపిల్లలు, వాళ్లకన్నా పెద్దవాడు ఒక కొడుకు. "రా అక్కా, తమాషా చూసొద్దాం" అని బయల్దేరదీసింది. నా చూపంతా తమాషా మీద కన్నా ఆ పార్కులో ఓ పక్కన పరిశోధకులు వేసుకునే టెంట్ల మీదే ఉంది.

ఊరేగింపు గురించి ఎక్కువ చెప్పను. ఒకే రకం టోపీల్లో ముసలి అక్కచెల్లెళ్లు, ఒకే రకం చొక్కాల్లో తాగి తూలుతున్నట్టు నటించే అన్నదమ్ములు, జంట బళ్లలో నిద్రపోతున్న పసిపిల్లలు. పది నిమిషాలు నవ్వొస్తుంది, తర్వాత కళ్లు తిరుగుతాయి.

టెంట్ల దగ్గర వాతావరణం వేరు. మడత కుర్చీలు, ల్యాప్‌టాప్‌లు, ఎండలో వరుసలు. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది విశ్వవిద్యాలయాల విద్యార్థులే. ఒక చోట ముఖానికి ఫొటోలు తీస్తున్నారు, ఒక చోట చిన్న సీసాలు వాసన చూపిస్తున్నారు, ఇంకో చోట చెంప లోపల దూదిపుల్లతో రుద్ది గొట్టంలో వేసి మూత పెడుతున్నారు. పాల్గొన్నవాళ్లకు కొద్దిపాటి డబ్బు ముడుతుంది. దానికోసమే టెంటు నుంచి టెంటుకు తిరిగే జంటలూ ఉన్నాయి. వాళ్లను తప్పు పట్టడానికేముంది?

ఇక్కడ పుట్టిన పరిశోధనలు చిన్నవేం కావు. క్లీవ్‌లాండ్ ప్లాస్టిక్ సర్జన్ బహ్మాన్ గుయురాన్ బృందం ఈ పండుగలో 186 జతల ఐడెంటికల్ కవలల ఫొటోలు తీసి, ఎవరు పెద్దగా కనిపిస్తున్నారో బయటివాళ్లచేత లెక్క కట్టించింది. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. పొగతాగినవారు, ఎండలో ఎక్కువ తిరిగినవారు, విడాకులు తీసుకున్నవారు తమ జంట కన్నా ముదిరినట్టు కనిపించారు. నలభైలోపు లావుగా ఉన్న మనిషి పెద్దగా కనిపిస్తే, నలభై దాటాక అదే లావు వయసును దాచింది. ఈ సంగతి చెబితే మా చెల్లెలు ఆ పూటకి డైటింగ్ మానేసింది.

నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంవాళ్లు 2009, 2010లలో ఇక్కడే కవలల ముఖాలు ఫొటోలు తీసి ముఖాన్ని గుర్తుపట్టే కంప్యూటర్ ప్రోగ్రాములకు పరీక్ష పెట్టారు. వెలుతురు మారినా, ముఖంలో భావం మారినా అవి తడబడ్డాయి. వేలిముద్రలు, కంట్లోని ఐరిస్ మాత్రం ఐడెంటికల్ కవలల్లోనూ వేరువేరుగా ఉంటాయి. మన ఆధార్ ఆ రెండింటినీ తీసుకోవడం కవలలకు మంచిదే అయింది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రంవాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడ రుచి, వాసనల మీద పనిచేశారు. కొందరికి కొత్తిమీర సబ్బు వాసన ఎందుకు కొడుతుందన్న ప్రశ్నకు కవలల నాలుకలు కొంత జవాబు చెప్పాయి. పచ్చడి ముద్ద పక్కకు నెట్టే పిల్లల్ని ఇక మీదట కాస్త తక్కువగా తిట్టాలేమో.

ఇవన్నీ నిలబడ్డది ఒక్క లెక్క మీద. ఐడెంటికల్ కవలలు ఒకే అండం రెండుగా చీలి పుట్టినవాళ్లు, వాళ్ల జన్యువులు దాదాపు ఒక్కటే. రెండు అండాల నుంచి పుట్టినవాళ్లు మామూలు అక్కచెల్లెళ్లలాగే సగటున సగం పంచుకుంటారు. ఏదైనా గుణంలో మొదటి రకం జంటలు రెండో రకం కన్నా ఎక్కువ కలిస్తే, ఆ తేడాలో జన్యువుల వాటా కనిపిస్తుంది. పుట్టుకతో వచ్చేదెంతో, పెంపకంతో వచ్చేదెంతో కవలలను బట్టి చూడవచ్చని 1875లోనే ఫ్రాన్సిస్ గాల్టన్ రాశాడు. అచ్చుగుద్దినట్టున్న ఇద్దరిని లోకం కూడా ఒకేలా చూస్తుంది కదా, ఆ కలయిక అంతా జన్యువులదేనా అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. నాకు అది న్యాయమైన ప్రశ్నే అనిపిస్తుంది. పైగా ఈ పండుగకు వచ్చేది కవలలుగా ఉండటం ఇష్టపడేవాళ్లు. ఒకరి మొహం ఒకరు చూసుకోని కవలలు ఒకే రంగు టోపీ పెట్టుకుని ఊరేగరు. వాళ్ల లెక్క ఈ టెంట్లకు అందదు.

దూదిపుల్లల టెంటు దగ్గర మా చెల్లెలికి ఆశ పుట్టింది. పురిట్లో మాయలు రెండు కనిపించాయి కాబట్టి పిల్లలు ఐడెంటికల్ కాదని డాక్టరు చెప్పారట. పెరిగేకొద్దీ బడిలో టీచర్లు కూడా పోల్చుకోలేకపోతున్నారు. నిజానికి ఐడెంటికల్ కవలల్లో సుమారు మూడో వంతుకు మాయలు రెండేసి ఉంటాయి, ఆ ఆనవాలును బట్టి తేల్చలేం. "ఇక్కడ తేలిపోతుందే" అంది. ఫారం చేతికిచ్చిన అమ్మాయి మొదటే చెప్పేసింది: ఎవరి ఫలితం వాళ్లకు ఇవ్వం, పేర్లు తీసేసి అంకెలు వేస్తాం, అన్నీ కలిపి చూస్తాం. ఇది ఈ రంగంలో మామూలే. తేల్చుకోవాలంటే డబ్బు కట్టి బయట ల్యాబులో చేయించుకోవచ్చు.

పిల్లలకు తల్లి సంతకం ఒక్కటే చాలదు, వాళ్ల ఒప్పుదల కూడా కావాలి. ఆ అమ్మాయి ఇద్దరినీ దూరంగా, ఒకరి తర్వాత ఒకరిని నిలబెట్టి అడిగింది. పెద్దది సరేనంది. చిన్నది వద్దంది.

"నీకేం పోయిందే, దూదిపుల్లేగా!" అంది మా చెల్లెలు తెలుగులో. "నీవల్ల నాది కూడా పోతుంది" అని పెద్దది ఏడుపు మొహం పెట్టింది. అది నిజమే. కవలల పరిశోధనలో ఒక్కరు పనికిరారు, జంట కావాలి. ఒకరి 'వద్దు'తో రెండోవారి 'సరే' కొట్టుకుపోతుంది. మామూలు పరీక్షల్లో ఒక మనిషి మీద ఇంత ఒత్తిడి ఇంటివాళ్ల నుంచే రావడం అరుదు. టెంటు అమ్మాయికి తెలుగు రాదు, అయినా జరుగుతున్నది అర్థమైంది. ఫారాలు వెనక్కి తీసుకుని, ఇద్దరికీ నీళ్ల సీసాలిచ్చి, పర్లేదంది.

ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. ఆష్విట్జ్‌లో జోసెఫ్ మెంగెలె కవల పిల్లల మీద చేసిన ఘోరాలు లోకానికి తెలుసు. అమెరికాలోనే 1960లలో న్యూయార్క్‌లోని ఒక దత్తత సంస్థ కవలల్ని విడదీసి వేరువేరు ఇళ్లకు పంపింది. పీటర్ న్యూబవర్ అనే మానసిక వైద్యుడి బృందం ఏళ్లపాటు ఆ ఇళ్లకు వెళ్లి పిల్లల్ని గమనించింది. మీ బిడ్డకో జోడు ఉందని పెంచిన తల్లిదండ్రులకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కాగితాలు ఇప్పటికీ యేల్ విశ్వవిద్యాలయంలో తాళాల వెనక ఉన్నాయి. మనుషుల మీద చేసే పరిశోధనలను ముందుగా ఒక సమీక్షా సంఘం చూడాలన్న చట్టం అమెరికాకు 1974లో వచ్చింది.

విడిపోయిన కవలల కథలన్నీ అలాంటివే కావు. ఇదే ఒహాయోలో పుట్టి, వారాల పసికందులుగా వేరువేరు ఇళ్లకు దత్తత వెళ్లి, రెండిళ్లలోనూ జిమ్ అనే పేరే పడిన కవల సోదరులు 1979లో, ముప్పై తొమ్మిదో ఏట కలుసుకున్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో థామస్ బుషార్డ్ అధ్యయనం వాళ్లతోనే మొదలైంది. వాళ్లు తెలిసి వెళ్లారు, అడిగినవాటికి జవాబులిచ్చారు. తేడా అంతా అక్కడే ఉంది.

మా అల్లరి సద్దుమణిగాక చూస్తే పిల్లవాడు లేడు. కవలలకు అన్న. ఉదయం నుంచి ఫొటోలు తీసిన ప్రతివాళ్లూ "కాస్త పక్కకు జరుగు బాబూ" అన్నది వాడినే. ఒక ప్రశ్నావళి టెంటులో కుటుంబాల గురించి అడుగుతున్నారని తెలిసి వెళ్లి, తనను కూడా అడుగుతారా అని వాకబు చేస్తున్నాడు. ఈసారికి కవలల్నే అన్నారు. కవలల కుటుంబాలను చదివే పెద్ద అధ్యయనాలు తోబుట్టువులనూ తల్లిదండ్రులనూ చేర్చుకుంటాయని వాడికి చెప్పాను. "ఎప్పుడు పెద్దమ్మా?" అన్నాడు.

ఇదంతా ఎక్కడో అమెరికా ముచ్చట అనుకోనక్కర్లేదు. కేరళలో మలప్పురం జిల్లా కొడిన్హి గ్రామంలో కవలలు అసాధారణంగా ఎక్కువ. 2016లో అక్కడికి వెళ్లి లాలాజలం, వెంట్రుకల నమూనాలు సేకరించిన పరిశోధకుల్లో మన హైదరాబాద్ సీసీఎంబీవాళ్లూ ఉన్నారు. కారణం ఇంకా తేలలేదు. శ్రీలంకలో 1997 నుంచి కవలల రిజిస్ట్రీ నడుస్తోంది. జంట అరటిపండు తింటే కవలలు పుడతారని పెళ్లికూతుళ్లను భయపెట్టే మన ఇళ్లలోకీ ఏదో ఒక రోజు దూదిపుల్ల, ఫారం పట్టుకుని ఎవరో వస్తారు. వస్తే కూర్చోబెట్టండి, పని మంచిదే. నమూనా ఎన్నాళ్లు ఉంచుతారో, ఇంకెవరికి ఇస్తారో, మధ్యలో మానుకుంటే పారేస్తారో అడగండి. ఫారం మీకు వచ్చిన భాషలో ఇమ్మనండి. సంతకం పెట్టేముందు పిల్లలిద్దరినీ వేరువేరు గదుల్లో అడగండి. ఒకరు వద్దంటే, వచ్చినవాళ్లకు కాఫీ ఇచ్చి పంపెయ్యండి.