పాతబస్తీ వంటింట్లో లుఖ్మీ

కాచిగూడ స్టేషనులో రైలు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. 1916లో నిజాం కాలంలో కట్టిన ఆ గుమ్మటాల భవనం పొగమంచులో మసకగా కనిపిస్తోంది. ఈ నగరానికి ఎన్నోసార్లు వచ్చాను. పెళ్ళిళ్ళకు వచ్చాను, ఆసుపత్రి పనుల మీద వచ్చాను, పండుగ బట్టల కోసమూ వచ్చాను. ఈసారి మాత్రం ఒక వంటకం నేర్చుకోవడానికి వచ్చాను. నా చేతిసంచిలో మా అమ్మీ వాడిన రొట్టెల కర్ర ఉంది.

అమ్మీ పుట్టింది హైదరాబాదు పాతబస్తీలో, మెట్టింది గుంటూరులో. ఆమెతో పాటు మా ఇంటికి వచ్చినవాటిలో లుఖ్మీ ఒకటి. పలుచని మైదా పొరల నడుమ మటన్ కీమా పెట్టి, నలుచదరంగా కోసి, సన్నని సెగ మీద వేయించే ఉప్పు బిస్కట్టు వంటి వంటకం అది. సమోసాలా మూడు మూలలు ఉండవు. బేకరీ పఫ్‌లా ఉబ్బి పొట్టు రాలదు. కొరికితే మొదట ఖారీ బిస్కట్టులా పెళుసుగా విరుగుతుంది, ఆ వెనుకనే మాంసం రుచి తగులుతుంది. రంజాను మాసంలోనూ, చుట్టాలు వచ్చినప్పుడూ అమ్మీ దీన్ని చేసేది. పక్కన కూర్చుని తినడం నేర్చుకున్నాను గాని చేయడం నేర్చుకోలేదు. రేపు అడగవచ్చులే అనుకుంటూ ముప్ఫయ్యేళ్ళు గడిపేశాను. రెండేళ్ళ క్రితం అమ్మీ అల్లాహ్ సన్నిధికి చేరుకుంది.

ఇప్పుడు పిండిలో నెయ్యి ఎంత, పెరుగు ఎంత అని అడగడానికి మిగిలింది ఆమె చెల్లెలు, మా ఖాలా ఒక్కరే. ఖాలాకు డెబ్భై ఎనిమిదేళ్ళు. "చేతులు వణుకుతున్నాయి బేటీ. రావాలనుకుంటే ఈ చలికాలంలోనే రా" అని ఫోనులో అన్నారు. ఆ మాట విన్నాక ఇక వాయిదా వేయడానికి మనసు ఒప్పలేదు.

నదికి ఆవల

ఆటో కోఠీ, అఫ్జల్‌గంజ్ దాటి నయాపూల్ మీదికి వచ్చింది. కింద మూసీ. ఒక ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, ఆవలి ఒడ్డున హైకోర్టు భవనం. 1908 సెప్టెంబరులో ఈ నది పొంగి నగరాన్ని ముంచెత్తిన వైనాన్ని అమ్మీ తన పెద్దల నోట విని మాకు చెప్పేది. ఆ వరద తరువాతనే ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలిశాయి. వంతెన దిగితే మదీనా భవనం, పత్తర్‌గట్టీ రాతి కమానులు, వాటికి కొసన చార్మినార్. 1591లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కట్టించిన ఆ నాలుగు మినార్ల దగ్గర ఆటో దిగి, ఒక ఇరానీ చాయ్ దుకాణంలో కూర్చున్నాను.

అద్దాల పెట్టెలో ఉస్మానియా బిస్కట్లు, ఖారీ, టీ రస్కులు, చిన్న సమోసాలు. ఉస్మానియా బిస్కట్టుది చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు. తీపి వెంట నాలుకకు కాస్త ఉప్పు తగలడం దాని గుణం. లుఖ్మీ ఉందా అని అడిగాను. "పెళ్ళి ఆర్డరైతే చేయిస్తాం అమ్మా, విడిగా పెట్టం" అన్నాడు దుకాణం అబ్బాయి. హైదరాబాదు దావతుల్లో బిర్యానీ రాకముందు లుఖ్మీ వడ్డించడం పాత ఆనవాయితీ. నేను ఈమధ్య వెళ్ళిన పెళ్ళిళ్ళలో ఆ పళ్ళెంలో చికెన్ 65 కనబడింది. ఒకటి రెండు చోట్ల లుఖ్మీ ఉన్నా, అది ఎప్పుడో వేయించి తెచ్చి చల్లారిపోయినదే. ఇంట్లో చేసేవారు మా బంధువుల్లో ఇద్దరో ముగ్గురో మిగిలారు.

ఖాలా ఇల్లు మీర్ ఆలం మండీ వెనుక సందులో ఉంది. పొద్దున్నే మండీలో కూరగాయల బస్తాలు దించుతున్నారు. దారిలో కొత్తిమీర, పుదీనా, నిమ్మకాయలు కొన్నాను. తలుపు తీసింది ఖాలా మనుమరాలు. జిద్దాలో పుట్టి పెరిగి, చదువు కోసం నిరుడు దాదీ దగ్గరికి వచ్చిన పిల్ల. "అస్సలాము అలైకుం ఫుప్పూ" అంటూ సంచి అందుకుంది.

నడిమింట్లో మంచం మీద కూర్చున్న ఖాలా చేతిలో రొట్టెల కర్ర పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, ఒక కొసన ఉన్న చిన్న నొక్కు మీద బొటనవేలు ఉంచారు. "ఇది మా అమ్మీది. ఆపా తీసుకుపోయిందా! పోయిందనుకుని యాభై అయిదేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను" అన్నారు. మేము నవ్వాము. ఖాలా కూడా నవ్వారు గాని, కర్రను మాత్రం చాలాసేపు ఒడిలోనే ఉంచుకున్నారు.

పిడికిలి లెక్క, గ్రాముల లెక్క

ఖాలా కొలతలన్నీ అందాజా. "మూడు పిడికిళ్ళ మైదా, చేతికి వచ్చినంత నెయ్యి" అంటారు. ఆ లెక్క నాకు అందదు. నా పిడికిలి ఆమె పిడికిలి కాదు. మనుమరాలు ఒక ఉపాయం చేసింది. తూకం యంత్రం తెచ్చి దాదీ ముందు పెట్టింది. ఖాలా ఏది వేసినా ముందు గిన్నెలో తూచి, తరువాతే పళ్ళెంలో పోయించింది. అలా అమ్మీ తరం వంట మొదటిసారి కాగితం మీదికి వచ్చింది.

మైదా 300 గ్రాములు, కరిగిన నెయ్యి 60 గ్రాములు, చిక్కని పెరుగు రెండు పెద్ద చెంచాలు, ఉప్పు అర చెంచా. ముందు నెయ్యిని పిండిలో వేసి రెండు అరచేతుల నడుమ రుద్దాలి. పిడికిట పడితే ముద్ద నిలవాలి, వేలితో తాకితే విడిపోవాలి. ఆపైన పెరుగు కలిపి, గోరువెచ్చని పాలు కొద్దికొద్దిగా పోస్తూ పిసకాలి. ఎంతవరకు అని అడిగితే ఖాలా నా చెవితమ్మె పట్టుకుని చూపించారు. "ఇంత మెత్తన. ఇంతకు మించితే పొరలు రావు." ఇది తూకానికి అందని కొలత. అలాగే రాసుకున్నాను. తడిగుడ్డ కప్పి పిండిని అరగంట ఉంచాము.

ఈలోగా కీమా. పావుకిలో మటన్ కీమాలో అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, ఉప్పు వేసి, విడిగా నీరు పోయకుండా దాని నీటిలోనే ఉడికించాలి. ఆ నీరంతా ఇగిరి, అడుగున నూనె మెరుపు కనిపించేదాకా కలపాలి. దించాక సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర, పుదీనా, చిటికెడు గరం మసాలా, అరచెక్క నిమ్మరసం. కీమా పూర్తిగా చల్లారాలి. ఈ రెండు మాటలు, పొడిగా ఉండాలి, చల్లగా ఉండాలి అని, ఖాలా నాలుగుసార్లు చెప్పారు.

నానిన పిండిని పెద్ద రొట్టెగా ఒత్తి, పైన నెయ్యి రాసి, పొడిపిండి చల్లి, ఉత్తరంలా మూడు మడతలు వేసి మళ్ళీ ఒత్తాలి. ఇలా రెండుసార్లు. పొరల రహస్యమంతా ఈ మడతలోనే ఉంది. ప్రతి మడతకూ నెయ్యి ఒక పొరను ఇంకో పొరకు అంటుకోనివ్వదు, వేడి తగలగానే అవి విడివడి పెళుసెక్కుతాయి. చివరికి పొడవాటి రొట్టె ఒత్తి, సగభాగంలో రెండంగుళాల ఎడంతో కీమాను చిన్న కుప్పలుగా పెట్టి, నడుమ ఖాళీలను తడివేలితో తడిపి, మిగతా సగం దుప్పటిలా కప్పాలి. కుప్పకూ కుప్పకూ మధ్య వేలితో గట్టిగా నొక్కి, చాకుతో చదరాలుగా కోయాలి. ముప్ఫై దాకా వస్తాయి.

"లుఖ్మా అంటే అరబ్బీలో ఒక ముద్ద కదా దాదీ! జిద్దాలో లుఖైమాత్ అమ్ముతారు, చిన్న ముద్దలని అర్థం. కాకపోతే అవి తీపి" అన్నది మనుమరాలు. "అందుకే చెబుతున్నాను, నోటికి సరిపడేంతే కోయండి. అరచేయంత చేస్తే పేరు చెడుతుంది" అన్నారు ఖాలా.

చీజ్ పంచాయితీ

అప్పుడు మొదలైంది అసలు వాదన. మనుమరాలు ఫ్రిజ్ లోంచి చీజ్ తీసింది. అక్కడ రంజాను సాయంత్రాల్లో సంబూసాలను మాంసంతోనే కాక చీజ్‌తోనూ చేస్తారట. కీమాలో చీజ్ కలిపి చేద్దామన్నది. ఖాలా ముఖం చిట్లించారు. "లుఖ్మీలో చీజా? మా అమ్మీ వింటే ఈ కర్రతోనే కొట్టేది." పిల్ల చిన్నబుచ్చుకుంది. "ఏది చేసినా వద్దంటే నేను ఎలా నేర్చుకోవాలి దాదీ?" అని మెల్లగా అన్నది.

వంటింట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాకు మా గుంటూరు వంటిల్లు గుర్తుకొచ్చింది. పదిహేనేళ్ళ వయసులో నేను ఒకసారి పిండి కలపబోతే, పాడుచేస్తావని అమ్మీ పక్కకు జరిపింది. నేనూ హాయిగా జరిగిపోయాను. తప్పు ఆమెదీ కాదు, నాదీ కాదు. కాని ఆ రోజు తరువాత నేను మళ్ళీ పిండిలో చేయి పెట్టలేదు. ఈ సంగతి ఖాలాకు చెప్పాను. ఆమె పిండిలో సగం తెంపి మనుమరాలి వైపు తోశారు. "మడతలు మాత్రం నేను చెప్పినట్టే వేయి" అన్నారు.

సగం కీమాలో 60 గ్రాముల చీజ్ తురుము కలిపాము. చీజ్‌లో ఉప్పు ఉంటుంది గనుక కీమాలో ఉప్పు ముందే కొంత తగ్గించాలి. కీమా వెచ్చగా ఉంటే చీజ్ అక్కడే కరిగి, కాల్చేటప్పుడు అంచుల నుంచి కారిపోతుంది. కొనేటప్పుడు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. పాలను విరగగొట్టడానికి వాడే రెన్నెట్‌ను కొన్నిచోట్ల పశువుల కడుపు నుంచి తీస్తారు. మన దేశంలో ప్యాకెట్టు మీద శాకాహార గుర్తు ఉన్న చీజ్‌లో జంతు రెన్నెట్ ఉండదు. విదేశాల్లో ఉన్నవారు ప్యాకెట్టు మీది వివరాలు చదివి, హలాల్ అని నిర్ధారించుకుని కొనడం మంచిది.

చీజ్ చదరాలపై గుడ్డుసొన రాసి, గుర్తు కోసం కలోంజీ గింజలు చల్లి, మనుమరాలు వాటిని ఓవెన్‌లో 180 డిగ్రీల వేడిలో పెట్టింది. ఇరవై, ఇరవై అయిదు నిమిషాల్లో బంగారు రంగు తిరిగాయి.

వేయించడం నా వంతు. తొందరలో నేను పెట్టిన కీమా అడుగున ఇంకా తడి ఉందని గమనించలేదు. మొదటి వాయి నూనెలో పడగానే రెండు చదరాలు నోరు తెరిచాయి, నూనె చిటపటలాడి ముంజేతి మీద చిందింది. ఖాలా ఏమీ అనలేదు. మిగిలిన కీమాను మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఆరబెట్టి, చల్లార్చి ఇచ్చారు. నూనెలో చిటికెడు పిండి వేస్తే అది అడుగుకు పోయి, నెమ్మదిగా బుడగలు విడుస్తూ పైకి తేలాలి. అదీ సరైన కాక. సెగ ఎక్కువైతే పైన మాడి లోపలి పొరలు పచ్చిగా ఉంటాయి. ఒక్కో వాయికి ఎనిమిది, పది నిమిషాలు ఓపిక పట్టాలి.

పళ్ళేలు కదిలిన సాయంత్రం

నిజానికి ఆ నూనెలో మొదట వేగినవి నా లుఖ్మీలు కావు. వాటికన్నా ముందే ఖాలా బంగాళాదుంప కూరతో ఎనిమిది చదరాలు చేయించి, కొత్త నూనెలో వేయించి పక్కన పెట్టించారు. అవి ఎదురింటి టీచరమ్మ గారికట. ఆమె మాంసం ముట్టరు. "మాంసం వేగిన నూనెలో వేయించి పంపితే అది పంపినట్టు కాదు బేటీ" అన్నారు. కూర వండితే కాసిన్ని నీళ్ళు ఎక్కువ పోసి పొరుగువారిని తలచుకోమన్న ప్రవక్త (స) హితవు మనందరికీ తెలుసు. దాన్ని నూనె గిన్నె దాకా పాటించడం నేను అక్కడే చూశాను.

మగ్రిబ్ నమాజు తరువాత పళ్ళేలు నాలుగు ఇళ్ళకు వెళ్ళాయి. ఖాళీగా ఒక్కటీ తిరిగి రాలేదు. ఒకదానిలో జామకాయలు, ఇంకొకదానిలో నువ్వుల లడ్డూలు వచ్చాయి. ఖాలా బిస్మిల్లాహ్ అని మొదట మామూలు లుఖ్మీ కొరికారు. "ఆపా చేతిలో ఇంకా పలుచగా వచ్చేది" అన్నారు. తరువాత కలోంజీ గింజలున్నది తీసుకున్నారు. మనుమరాలు ఊపిరి బిగబట్టి చూస్తోంది. "ఇది లుఖ్మీ కాదు" అన్నారు ఖాలా నములుతూ. కాసేపటికి, "ఇంకొకటి ఇటు పెట్టు" అన్నారు.

మర్నాడు బయలుదేరేటప్పుడు రొట్టెల కర్రను ఖాలా మంచం పక్కనే వదిలి వచ్చాను. రైల్లో సంచి తెరిస్తే, పాత ఓణీ గుడ్డలో చుట్టి ఆ కర్ర అందులోనే ఉంది.

గుంటూరు వచ్చిన వారానికి లుఖ్మీ చేశాను. పదింటిలో మూడు అంచులు విడాయి. మిగతావాటికి పొరలు వచ్చాయి. అమ్మీ మగ్‌ఫిరత్ కోసం దుఆ చేసి, ఒక పళ్ళెం పక్కింటికి పంపాను. ఈసారి పిండి కలిపింది మా పన్నెండేళ్ళ అమ్మాయి. నేల నిండా మైదా పోసింది, నేను మాట్లాడలేదు.

మీ ఇంట్లో కూడా పిడికిలి లెక్కతో వండే పెద్దలు ఉంటే, ఈ శుక్రవారమే ఒక తూకమూ ఒక కాగితమూ పట్టుకుని వారి పక్కన కూర్చోండి. పిల్లలను కూడా కూర్చోబెట్టండి. వారు చీజ్ అడిగితే కాదనకండి.