ఒక్కనాటి సంసారం

లండను వెళ్ళివచ్చినవారు రాజుగారి మేడను గురించీ, టవర్ బ్రిడ్జిని గురించీ చెబుతారు. నేను థేమ్సు నదికి దక్షిణాన వున్న కెన్నింగ్టన్ పేటను గురించి చెబుతాను. చార్లీ చాప్లిన్ చిన్నతనం గడిచింది ఈ వీధుల్లోనే.

మా అక్కగారి అబ్బాయి కూతురిని చంకనెత్తుకొని దగ్గరుండి చూపించాడు. మెత్లీ వీధిలో 39వ నంబరు, కెన్నింగ్టన్ రోడ్డులో 287వ నంబరు - రెండిళ్ళకూ చాప్లిన్ పేర ఫలకాలున్నాయి.

"ఎన్ని ఇళ్ళు మావయ్యా ఆయనకి!" అన్నాడు.

"ఒక్కటీ లేకపోబట్టేరా, ఇన్ని!" అన్నాను.

తండ్రి పేరున్న మ్యూజిక్ హాలు గాయకుడు. రాబడిని తాగుడు మింగింది. విడిగా వుంటున్న భార్యాబిడ్డలకు వారానికి ఇవ్వవలసిన పది షిల్లింగులూ అందేవి కావు. అదే రోడ్డుమీద త్రీ స్టాగ్స్ అనే పబ్బు వుంది. 1901లో ఒక సాయంత్రం అక్కడే తండ్రి కొడుకును మొదటిసారి కౌగలించుకొని ముద్దుపెట్టుకొన్నాడు. చార్లీ ఆయన్ను ప్రాణాలతో చూడడం అదే ఆఖరు. ముప్ఫయ్యెనిమిదేళ్ళకే పోయాడు.

తల్లి హానా కూడా గాయనే. గొంతు చెడ్డాక బట్టలు కుట్టింది. 1896లో కుట్టుమిషనూ చేజారింది. ఇద్దరు కొడుకులతో వర్క్‌హౌస్‌కు చేరింది. చార్లీకి అప్పుడు ఏడేళ్ళు. వర్క్‌హౌస్ అంటే మన సత్రంవంటిది కాదు. తిండి పెడతారుగాని తల్లినొక వైపు, బిడ్డలనొక వైపు విడదీస్తారు. పిల్లల్ని దూరాన హాన్‌వెల్ బడికి పంపేశారు. ఆ వర్క్‌హౌస్‌లో మిగిలిన కట్టడంలో ఇప్పుడు సినిమా మ్యూజియం వుంది.

తర్వాత ఒకసారి, బిడ్డల్ని చూడక వుండలేక, ఆ తల్లి ఒక ఉపాయం పన్నింది. వెళ్ళిపోతామని చెప్పి ముగ్గురి పేర్లూ కొట్టించింది. గేటు దగ్గర కలుసుకొని కెన్నింగ్టన్ పార్కుకు వెళ్ళారు. పెద్దవాడు సిడ్నీ దగ్గర తొమ్మిది పెన్నీలున్నాయి. అర పౌను నల్ల చెర్రీపళ్ళు కొని బెంచీమీద కూర్చుని తిన్నారు. వార్తాపత్రికను వుండచుట్టి, దారం కట్టి, ముగ్గురూ బంతాట ఆడుకొన్నారు. మిగిలిన డబ్బుతో టీ తాగారు. సాయంత్రానికి తిరిగి వర్క్‌హౌస్‌కే! మళ్ళీ పేర్లు రాసుకోవాలి, బట్టలు ఆవిరిపట్టాలి గదా, అధికారులు మండిపడ్డారట.

మేమూ ఆ పార్కులో కూర్చుని చెర్రీపళ్ళు తిన్నాం. పొద్దు వాలింది. పాప కళ్ళు నులుముకొంటూ, "నాన్నా, ఇంటికి పోదాం" అంది.

ఆనాడు చార్లీ ఆ మాట ఎవరితో అనగలడు? చటుక్కున లేచాను.