పాతబడటం ఎవరి నిర్ణయం?

పనిముట్లు రెండు విధాలుగా పాతబడతాయి. మా అనంతపురం ఎర్రనేలల్లో గొర్రు కర్రు అరుగుతుంది. అరిగింది గనుక కమ్మరి కొలిమికి పోతుంది, సాగగొట్టించుకుని తిరిగి చేలోకి వస్తుంది. ఇది వస్తువు స్వభావం. రెండో రకం పాతబడటం వేరు. అందులో వస్తువు అరగదు, విరగదు. దాన్ని వాడటానికి కావలసిన తీగనో, తొడుగునో, ప్రోగ్రామునో తయారు చేసేవాళ్ళు మానేస్తారు. అంతటితో ప్రాణమున్న వస్తువు కూడా చచ్చినదాని కింద జమ అవుతుంది. మొదటిది ప్రకృతి చేసే పని. రెండోది మనుషుల మధ్య వున్న సంబంధాలు చేసే పని. ఈ రెంటినీ కలిపేసి, "కాలం మారింది, మనమేం చెయ్యగలం?" అనటం అలవాటయింది. చదువుకున్నవాళ్ళు, అందులోనూ సమాజాన్ని మార్చాలనేవాళ్ళు, ఆ మాట అనటం నాకు ఆశ్చర్యంగానే వుంటుంది.

ఈ సంగతి నేను ఒక పాత ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు మూలంగా ఆలోచించవలసి వచ్చింది. అందులో ఏముందో ముందు చెప్పాలి. లేకపోతే ఈ గొడవంతా ఒక యంత్రం రిపేరు కథగా మిగిలిపోతుంది.

2002లో దేశం మొత్తం మీద నైరుతి వానలు సగటు కంటే 19 శాతం తక్కువ పడ్డాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే మంచి ఏడనుకునే మా జిల్లాలో ఆ లోటు ఎట్లా వుంటుందో వేరే చెప్పనక్కరలేదు. వేరుశెనగ ఎండింది, బోర్లు ఎండాయి, మనుషులు బెంగుళూరు దారి పట్టారు. 2006 ఫిబ్రవరి 2న మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ రోజుల్లోనే నేనూ, కొందరు విద్యార్థులూ రాప్తాడు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ఇంటింటా కూచుని, వాళ్ళు చెప్పింది రాసుకున్నాం. ఎన్ని బోర్లు వేశారు, ఎంత లోతు పోయారు, అప్పు ఎవరి దగ్గర, వడ్డీ ఎంత, ఇంట్లో ఎవరు వలస పోయారు - ఇవన్నీ పట్టికలుగా వేశాం. కొందరి మాటలను రికార్డు చేశాం. తెలుగులో రాసిన నోట్సును డి.టి.పి. చేయించాం. అంతా ఒక డిస్కులోకి చేర్చి సంఘం గది బీరువాలో పెట్టాం. కాగితాలను తర్వాత చెదలు తిన్నాయి. డిస్కు మిగిలింది.

ఇటీవల వలసల మీద పని చేస్తున్న విద్యార్థులు వచ్చి అది కావాలన్నారు. ఆ సమయానికే ఒక పొరుగూరి కుర్రవాడు, బెంగుళూరులో ఆటో నడుపుకునేవాడు, "సార్, మా యమ్మ మాట్లాడింది మీ దగ్గర వుందంట గదా" అని అడిగాడు. తల్లి పోయి అప్పటికి ఆరేళ్ళు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అప్పిచ్చినవాడి పద్దు చెరిగిపోవటం చాలా అరుదు. దాన్ని కాపాడటానికి గుమాస్తా వున్నాడు, కోర్టు వుంది, ఇప్పుడు కంప్యూటరు కూడా వుంది. మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు కంప్యూటర్లు రావటం 1998లోనే మొదలయింది. అవి రావటం తప్పని నేననటం లేదు. కాని ఆ దస్తావేజులో పొలం ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో వుంటుంది. ఎందుకు పోయిందో వుండదు. ఆ "ఎందుకు" అనేది అప్పుపడ్డవాడి నోట మాత్రమే వుంది. అది మా బీరువాలో, అరచేతి మందం పెట్టెలో వుంది.

పెట్టెను కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే దీపం వెలిగింది. లోపల టిక్కు టిక్కుమని చప్పుడయింది. తెర మీద మాత్రం ఏమీ రాలేదు. చూసినవాళ్ళు "పోయింది" అని తేల్చేశారు. అనంతపురంలో పాత కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు ఒకడు మాత్రం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "తిరగాలని చూస్తాండాది సార్, శక్తి చాల్లేదు" అన్నాడు. అతను చెప్పింది నిజం. డిస్కు మొదట తిరగటం మొదలుపెట్టేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కాలపు యు.ఎస్.బి. రంధ్రానికి లెక్క ప్రకారం ఇవ్వవలసింది 500 మిల్లీయాంపియర్లే. అందుకని అప్పట్లో రెండు తలల తీగ ఇచ్చేవారు, ఒకటి సమాచారానికి, రెండోది అదనపు కరెంటుకు. మా తీగకు రెండో తల లోపల తెగిపోయి వుంది. విడిగా కరెంటు పెట్టుకునే హబ్బు ఒకటి మధ్యలో పెడితే ఆ టిక్కు టిక్కు ఆగి, డిస్కు నిలకడగా తిరిగింది.

అయినా తెర మీదికి రాలేదు. డిస్కుకూ యు.ఎస్.బి.కీ మధ్య దుబాసీగా పని చేసే చిన్న బోర్డు ఒకటి ఆ పెట్టెలో వుంటుంది. అది పోయింది. మరలు విప్పి డిస్కును బయటికి తీస్తే అది 44 పిన్నుల ఐ.డి.ఇ. రకం. 2003లో సాటా అనే కొత్త పద్ధతి వచ్చిన తర్వాత ఈ రకం క్రమంగా బజారు నుంచి తప్పుకుంది. ఆ కుర్రవాడు తన పాత సామాను డబ్బాలో వెతికి దానికి సరిపోయే కన్వర్టరు తీశాడు. కొత్త దుకాణాలు చెత్త అన్నదాన్ని దాచుకున్నవాడి దగ్గరే మాకు పని జరిగింది.

ఈసారి కంప్యూటరు డిస్కును గుర్తించింది. గుర్తించి, "దీన్ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?" అని అడిగింది. చదవటం నాకు రాదు గనుక చెరిపేసి కొత్తగా గీతలు గీస్తానని దాని అర్థం. ఇటువంటి ప్రశ్నకు ఒప్పుకుని సమాచారం చెరుపుకున్నవాళ్ళు ఎందరో! ఒప్పుకోకూడదు. ముందు డిస్కు మొత్తానికి నకలు తీసుకుని, ఆ తర్వాత చేసే ప్రయత్నాలన్నీ నకలు మీదనే చెయ్యాలి. ఇందుకు మేము లైనక్సు మీద డిడి-రెస్క్యూ అనే ప్రోగ్రాము వాడాము. అది ముందు సులువుగా చదవగలిగిన భాగాలన్నీ ఎత్తుకుంటుంది. మొండికేసిన చోట్లను వదిలేసి చివరలో మళ్ళీ వాటి దగ్గరకు వస్తుంది. ఎంతవరకు చదివిందీ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఎండాకాలం గనుక కరెంటు రెండుసార్లు పోయింది. ఆ పట్టిక వుండబట్టి ఆగిన చోటి నుంచే పని సాగింది. నకలు తయారయ్యాక టెస్ట్‌డిస్క్ అనే ఇంకో ప్రోగ్రాముతో చూస్తే అసలు జబ్బు బయటపడింది. ఫైళ్ళు ఎక్కడ వున్నాయో చెప్పే మొదటి సెక్టారు చెడిపోయింది. ఫ్యాట్-32 పద్ధతిలో దానికి ఒక నకలు పక్కనే దాచి వుంటుంది. దాన్ని తెచ్చి మొదటి చోట పెట్టగానే ఫైళ్ళ పేర్లు వరసగా కనిపించాయి.

పట్టికలు తెరుచుకున్నాయి. రికార్డు చేసిన మాటలు వినిపించాయి. తెలుగు నోట్సు తెరిస్తే మాత్రం ఒక్క తెలుగక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, అర్థంలేని గుర్తులూ పేజీల నిండా వున్నాయి.

మన గుత్తికి దగ్గరలో, కర్నూలు జిల్లాలో, ఎర్రగుడి అని ఒక ఊరుంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రాయి ఇరవై రెండు శతాబ్దాలకు పైగా చెక్కుచెదరకుండా నిలిచింది. కాని ఆ బ్రాహ్మీ లిపిని చదవగలిగినవాళ్ళు మధ్యలో లేకుండాపోయారు. 1837లో ప్రిన్సెప్ ఆ లిపి గుట్టు విప్పాడు. ఎర్రగుడి బండలు 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడి కంటబడ్డాయి. అక్కడ ఇంకో చిత్రం కూడా వుంది. ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. అక్షరాలు తెలిసినా, వరస తెలియనివాడికి అర్థం దొరకదు. రాయి నిలిచినంత మాత్రాన మాట నిలవదు. చదివే పద్ధతి కూడా నిలవాలి.

మా నోట్సు సంగతీ ఇంతే. అప్పటి డి.టి.పి. ఫాంట్లు తెలుగును తెలుగుగా దాచలేదు. తలకట్టు ఒక ముక్క, వత్తు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క - వీటిని ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన చోట్లలో కూర్చి, కంటికి కనిపించే వరసలో దాచాయి. ఏ ముక్క ఏ చోట వుందనేది ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క రకం. ఆ ఫాంటు వున్న యంత్రంలో అది తెలుగు. లేనిచోట అది గిలుకుడు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి రూపంలోనే తెలుగుకు చోటు వుంది. అది ఎవరి సొత్తూ కాని పట్టిక. "క" అనే అక్షరానికి ఎక్కడైనా అదే సంఖ్య. కాని అచ్చు పనికి వాడే ప్రోగ్రాములకు యూనికోడు తెలుగు చేతకాక, మన పత్రికలూ పుస్తకాలూ ఆ తర్వాత చాలా ఏళ్ళు పాత ఫాంట్లలోనే తయారయ్యాయి. అంటే కంప్యూటర్లో వున్న మన తెలుగు సాహిత్యంలో కొంత భాగం నేటికీ ఎవరి తాళమో వేసిన పెట్టెల్లో వుంది. మా అదృష్టం కొద్దీ, ఆ ఫాంటు నుంచి యూనికోడుకు మార్చే ప్రోగ్రాములు కొందరు ఔత్సాహికులు రాసి పెట్టారు. వాటితో మార్చి, మిగిలిన తప్పులను వారం రోజులు కూచుని చేత్తో దిద్దాము.

ఈ పని మొత్తంలో మాకు అక్కరకు వచ్చినవాళ్ళెవరు? డిడి-రెస్క్యూ రాసిన ఆంటోనియో డియాజ్ డియాజ్, టెస్ట్‌డిస్క్ రాసిన క్రిస్టాఫ్ గ్రెనియే, ఆ ఔత్సాహికులు, అనంతపురం కుర్రవాడు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నం, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లైనక్సు - వీటి సూత్రం ఒక్కటే: ప్రోగ్రాము లోపలి రాత అందరికీ తెరిచి వుండాలి. తెరిచి వుంటే, అమ్మేవాడు మానేసిన తర్వాత కూడా అవసరమున్నవాడు దాన్ని బతికించుకోగలడు. దీన్ని చూసి ఇదే సమసమాజం అని మురిసిపోవటం పసితనం. ఈనాడు లైనక్సులో జరిగే పనిలో చాలా భాగం పెద్ద కంపెనీల జీతగాళ్ళు చేసేదే. కంపెనీలకు దానివల్ల లాభం వుంది. అయినా ఆ రాత ఏ ఒక్కరి గుప్పెట్లోనూ లేదన్నది కూడా వాస్తవమే. ఈ రెండు వాస్తవాలనూ కలిపి చూడటమే విమర్శకుడి పని.

మన మిత్రులు రెండు సలహాలు ఇస్తుంటారు. "కొత్తది కొనుక్కుంటే పోలా?" అనేది ఒకటి. కొత్తది కొనవచ్చు, కొత్తదానిలో ఆ తల్లి మాట వుండదు. "అన్నీ క్లౌడ్‌లో పెడితే పోలా?" అనేది రెండోది. క్లౌడ్ అంటే మేఘం కాదు, ఇంకొకరి కంప్యూటరు. కరువు సీమలో మేఘాన్ని నమ్ముకోవటం సంగతి మాకు తెలియంది కాదు. అక్కడ పెట్టటంలో సౌకర్యం వుంది, కాదనను. కాని అది కౌలు. కట్టినన్నాళ్ళు నీది, షరతులు మార్చే హక్కు ఆసామిది. కౌలు భూమిలో పంట పండించవచ్చు గాని, ఒక ప్రాంతపు జ్ఞాపకాన్నంతా కౌలుకు పెట్టటం వివేకం కాదు.

1820లలో సి.పి. బ్రౌను కడపలో పండితులకు జీతాలిచ్చి తాటాకు ప్రతులను ఎత్తి రాయించాడు. ఆ పని వల్ల మన కావ్యాలు ఎన్నో దక్కాయి. తాటాకు గట్టిది గనుక అవి దక్కలేదు, మళ్ళీ మళ్ళీ రాసేవాళ్ళుండటం చేత దక్కాయి. ఏ సాధనమూ శాశ్వతం కాదు, ఎత్తిరాయటమే శాశ్వతం. అయితే, దేనిని ఎత్తిరాయాలనేది జీతమిచ్చేవాడు నిర్ణయించాడు. కూలివాడి అప్పు లెక్కను ఎత్తిరాయించటానికి ఏ దొరా జీతమివ్వలేదు. ఆ పని ఇప్పుడు చెయ్యవలసినవాళ్ళం మనం.

కనుక కొన్ని పనులు వెంటనే చెయ్యవచ్చు. మన సంఘాల బీరువాల్లో వున్న డిస్కులను, సీడీలను ఈ ఏడే బయటికి తీసి నకళ్ళు ఎత్తాలి. రెండు చోట్ల కాదు, మూడు చోట్ల పెట్టాలి. నోట్సును యూనికోడులోకి, పట్టికలను ఏ ప్రోగ్రామైనా చదవగల సాదా రూపంలోకి మార్చాలి. ముఖ్యమైనదాన్ని కాగితం మీద అచ్చువేసి ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలి. అయిదారేళ్ళకొకసారి మళ్ళీ ఎత్తి రాయటం ఎవరి బాధ్యతో సంఘం పుస్తకంలో రాసుకోవాలి. అన్నింటికంటె ముందు, ఎవరి మాటలు వాళ్ళకు తిరిగి ఇవ్వాలి. అవి మన పరిశోధనకు ముడిసరుకు కాదు.

ఆ ఆటో కుర్రవాడి తల్లి మాట ఇప్పుడు అతని ఫోనులో వుంది. ఆమె తన బోర్లను బిడ్డల పుట్టుకలతో కలిపి లెక్క చెప్పింది. పెద్దవాడు పుట్టిన ఏడు మొదటి బోరు, కూతురు పుట్టిన ఏడు రెండోది, ఇట్లా. చివర ఒక మాట అంది: "నీళ్ళు పడలా నాయనా, అప్పు పడింది." ఏ కమిషను నివేదికలోనైనా ఇంత క్లుప్తంగా కారణం చెప్పటం నేను చూడలేదు. బజారులో ఒక తీగ, ఒక ఫాంటు అమ్మటం మానేసినంత మాత్రాన ఆ వాక్యం పాతబడిందని ఒప్పుకోవటానికి మనకు హక్కు లేదు.